స్ట్రాన్షియం సీసా కూడా తెప్పించండి: ఇంటర్ కెమిస్ట్రీ లెక్చరర్లకు బహిరంగ లేఖ

గుంటూరు, విజయవాడ జూనియర్ కాలేజీల్లో కెమిస్ట్రీ చెబుతున్న సార్లకు, మేడమ్‌లకు, ల్యాబ్ ఇండెంట్ల మీద సంతకాలు పెట్టే యాజమాన్యాలకు నమస్కారం.

నేను అరండల్‌పేటలో ల్యాబ్ కెమికల్స్, గాజు సామాను అమ్ముకునే మనిషిని. కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా ఇక్కడే డిగ్రీ చదివాను. మీరు పంపే చీటీలు ఏళ్ల తరబడి చదువుతున్నాను కాబట్టి ఏ కాలేజీ ల్యాబ్‌లో ఏం జరుగుతోందో, ఏం జరగడం లేదో కొట్టు గడప దాటకుండానే తెలిసిపోతుంది. ప్రాక్టికల్ పరీక్షలు వారం ఉన్నాయనగా అటెండరు సంచీ పట్టుకుని వస్తాడు. చీటీలో నాలుగైదు సాల్ట్‌లుంటాయి. "అవే వస్తాయటండీ" అంటాడు. బేరియం క్లోరైడ్ ఉంటుంది, కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. స్ట్రాన్షియం నైట్రేట్ మాత్రం ఉండదు. మా బీరువాలో ఆ సీసాలు సీలు విప్పకుండా, లేబుల్ వెలిసిపోయి కూర్చున్నాయి. సరుకు అమ్ముడుపోక ఉత్తరం రాస్తున్నాడని అనుకుంటారేమో, అనుకోండి. ఆ సీసా మీద నాకు మిగిలేది టీ ఖర్చుకి కూడా రాదు.

పీరియాడిక్ టేబుల్, అంటే మూలకాల పట్టిక, అనే ఆలోచన మొలకెత్తిన చోట్లలో కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, ఈ మూడింటి చోటు ఒకటి. 1829లో జర్మనీలో డోబరైనర్ అనే కెమిస్టు ఒక సంగతి బయటపెట్టాడు. గుణాల్లో స్ట్రాన్షియం కాల్షియానికీ బేరియానికీ సరిగ్గా నడుమ నిలుస్తుంది, అటామిక్ వెయిట్‌లోనూ నడుమే. కాల్షియం 40, బేరియం 137. రెండూ కూడి సగం చేస్తే 88న్నర. స్ట్రాన్షియం 87.6. లిథియం, సోడియం, పొటాషియంలది అదే తీరు: 7, 23, 39. క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్‌లదీ అంతే. బరువుకీ గుణానికీ ఏదో లంకె ఉందన్న అనుమానం అలా పుట్టి, మరో నలభై ఏళ్లకు, 1869లో, రష్యా కెమిస్టు మెండలీవ్ చేతిలో పట్టికగా తేలింది. నడుమదాన్ని తీసేసి ఆ చివరా ఈ చివరా చూపిస్తే, ఇది నడుమ ఉంది అని పిల్లలకెలా తెలుస్తుంది?

పిల్లల్ని పీరియాడిక్ టేబుల్ రెండో గ్రూపు, అంటే రెండో నిలువు వరస, చెప్పమనండి. "బేటా మాంగే కార్ స్కూటర్ బాప్ రాజీ" అని గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు, హిందీలో రెండో ముక్క రానివాళ్లు కూడా. బెరీలియం, మెగ్నీషియం, కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం, రేడియం. వరస గుర్తుండటానికి అది పనికొస్తుంది, కాదనను. పోటీ పరీక్షలో సెకన్ల లెక్క. కానీ ఆ 'స్కూటర్' చూడటానికి ఎలా ఉంటుందమ్మా అంటే తెల్లమొహం వేస్తారు. కాల్షియం మంటలో ఇటుక ఎరుపు, స్ట్రాన్షియం దానికన్నా చిక్కటి క్రిమ్సన్ ఎరుపు, బేరియం ఆపిల్ ఆకుపచ్చ. ఇది రికార్డులో అందరూ రాస్తారు. మధ్య రంగుని కళ్లతో చూసినవాళ్లు నాకు తగలడం లేదు.

సాల్ట్‌లో ఏముందో పట్టుకునే సాల్ట్ ఎనాలిసిస్‌లో ఐదో గ్రూపు టెస్టు మీకు కంఠతా వచ్చు. అమ్మోనియం కార్బొనేట్ పోయగానే మూడూ తెల్లగా అడుక్కి దిగుతాయి. ఆ అవక్షేపాన్ని ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, ముందు పొటాషియం క్రోమేట్‌తో బేరియం, తర్వాత అమ్మోనియం సల్ఫేట్‌తో స్ట్రాన్షియం, ఆఖర్న అమ్మోనియం ఆక్సలేట్‌తో కాల్షియం వెతకాలి. ఈ వరస మార్చొద్దని నేను చూసిన ప్రతి రికార్డులోనూ ఉంది. ఎందుకు మార్చొద్దో మాత్రం ఎక్కడా లేదు. సల్ఫేట్ ముందు పోస్తే బేరియం కూడా దిగిపోయి స్ట్రాన్షియంలా నటిస్తుంది. ఆక్సలేట్ ముందు పోస్తే మూడూ దిగుతాయి. లీటరు నీళ్లలో కాల్షియం సల్ఫేట్ రెండు గ్రాముల పైచిలుకు కరుగుతుంది, స్ట్రాన్షియం సల్ఫేట్ గ్రాములో సుమారు ఎనిమిదో వంతు, బేరియం సల్ఫేట్ రెండు మూడు మిల్లీగ్రాములు. పట్టికలో కిందికి దిగేకొద్దీ ఒక గుణం క్రమంగా ఎలా మారుతుందో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? బేరియం లవణాలు విషం. అదే బేరియాన్ని సల్ఫేట్‌గా చేసి, పొట్ట ఎక్స్‌రేకి ముందు ఆస్పత్రిలో గ్లాసెడు తాగిస్తారు. అది కరగదు కాబట్టే పేషెంట్ క్షేమంగా ఇంటికి వెళ్తాడు. కాల్షియం కోసం పిడుగురాళ్ల సున్నం బట్టీల దాకా వెళ్తే చాలు, బేరియం ఖనిజం ముగ్గురాయి కడప వైపు మంగంపేటలో గుట్టలుగా ఉంది. మన పిల్లలకు ఇవి పరాయి సరుకులేం కావు.

అసలు చిక్కు ఇంకోటి ఉంది. క్లాసులో పీరియాడిక్ టేబుల్ చెప్పేటప్పుడు గ్రూపులు వస్తాయి. ల్యాబ్‌లో సాల్ట్ ఎనాలిసిస్ చేసేటప్పుడూ గ్రూపులే వస్తాయి. ఆ గ్రూపులు వేరు, ఈ గ్రూపులు వేరు అని ఒక్క మాట అని ముందుకు పోతారు. కొన్నిచోట్ల ఆ ఒక్క మాటా ఉండదు. ఒకమ్మాయి మా కొట్లో వాళ్ల నాన్నని అడుగుతుంటే విన్నాను. "లెడ్ పద్నాలుగో గ్రూపని క్లాసులో చెప్పారు నాన్నా, ల్యాబ్‌లోనేమో ఒకటో గ్రూపంటున్నారు. ఏది రాయాలి?" ఆయన మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. "సార్ ఏది రాయమంటే అది రాయి" అన్నాడు. ఆయన తప్పేముంది, ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది మీరు.

ఆ ఒక్క ప్రశ్న మీద ఒక పీరియడ్ మొత్తం నడపొచ్చు. సాల్ట్ ఎనాలిసిస్ గ్రూపులు పని సులువు కోసం ఏర్పడ్డవి. ఏది పోస్తే ఏది దిగుతుంది అన్న ఒక్కటే ప్రశ్న. జర్మనీలో ఫ్రెసీనియస్ ఈ పద్ధతిని 1841లో పుస్తకంగా తెచ్చాడు, అప్పటికి మెండలీవ్ ఇంకా ఏడేళ్ల పిల్లాడు. సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే సీసం, అంటే లెడ్, దిగుతుంది. అయితే లెడ్ క్లోరైడ్ చన్నీళ్లలోనూ కాస్త కరుగుతుంది కాబట్టి మిగిలింది కిందికి జారి, రెండో గ్రూపులో హైడ్రోజన్ సల్ఫైడ్ పంపినప్పుడు నల్లగా బయటపడుతుంది. ఒకే సీసం రెండు గ్రూపుల్లో! ఆ పద్ధతికి అందులో తప్పేమీ లేదు, దాని పని అవుతుంది. పీరియాడిక్ టేబుల్‌లో మాత్రం అలా కుదరదు. ఒక మూలకానికి ఒకటే గడి, ఆ గడిలో కూర్చోవాలంటే అన్ని గుణాలూ కలిసి సాక్ష్యం చెప్పాలి.

ఇప్పుడు ఒక పని చేయించండి. గోడ మీద వేలాడే ఫ్లెక్సీ వద్దు, ప్రతి పిల్లాడికీ పీరియాడిక్ టేబుల్ జిరాక్స్ ఒకటి ఇవ్వండి. సాల్ట్ ఎనాలిసిస్ గ్రూపుల్ని ఒక్కొక్కదాన్నీ ఒక్కో రంగు పెన్సిల్‌తో దాని మీద దిద్దమనండి. ఐదో గ్రూపు నిలువుగా ఒక ముక్క వస్తుంది: కాల్షియం, స్ట్రాన్షియం, బేరియం. నాలుగో గ్రూపు అడ్డంగా ఒక ముక్క వస్తుంది: అటామిక్ నంబరు (ప్రోటాన్ల లెక్క) ప్రకారం మాంగనీస్ 25, కోబాల్ట్ 27, నికెల్ 28, జింక్ 30. మధ్యలో 26, 29 ఏమయ్యాయి? ఇనుము మూడో గ్రూపుకి పోయింది, రాగి రెండో గ్రూపుకి పోయింది. మూడో గ్రూపులో ఇనుము పక్కన అల్యూమినియం ఏం చేస్తోంది? పట్టికలో వాటికి చుట్టరికం లేదు. ఇద్దరి మీదా మూడు ప్లస్సుల ఛార్జి ఉంది కాబట్టి అమోనియా పోయగానే హైడ్రాక్సైడ్లుగా దిగిపోతాయి. పట్టికకి రెండు వైపులా ఉన్న మూలకాలు నిలువుగా పోలికలు పంచుకుంటాయి, మధ్య బ్లాకులోవి అడ్డంగా కూడా పంచుకుంటాయి అని పుస్తకంలో ఒక వాక్యం ఉంటుంది. ఆ వాక్యం ఇక్కడ పిల్లాడి పెన్సిల్ కిందే కనబడుతుంది. ఈ రెండింటినీ ఒకదాని మీద ఒకటి వేసి చూపించిన గైడు ఒక్కటీ నా కంటపడలేదు.

సాల్ట్‌ల రంగు కూడా అంతే. ప్రిలిమినరీ టెస్టులో మొదటి గడి రంగే కదా, పిల్లలు "తెలుపు" అని రాసేసి పోతారు. మా కొట్లో ఒక అరలో సాల్ట్‌లన్నీ అటామిక్ నంబరు వరసలో పెట్టి చూశాను. మెగ్నీషియం తెలుపు, అల్యూమినియం తెలుపు, కాల్షియం తెలుపు. తర్వాత ఒక్కసారిగా క్రోమియం ముదురు రంగు, మాంగనీస్ లేత గులాబీ, ఫెర్రిక్ (ఇనుము) పసుపు గోధుమ, కోబాల్ట్ గులాబీ ఎరుపు, నికెల్ పచ్చ, రాగి నీలం. జింక్ దగ్గర మళ్లీ తెలుపు. స్ట్రాన్షియం, బేరియం, లెడ్ తెలుపే. ఆ రంగుల గుంపు మొత్తం పట్టిక నడిమి బ్లాకులోది. జింక్ ఆ బ్లాకు చివర కూర్చుని కూడా తెల్లగా ఎందుకుందో అడగండి. ఎలక్ట్రాన్లుండే డి ఆర్బిటాల్ నిండిపోయిందన్న పాఠం అక్కడ చెబితే ఎక్కినట్టు బోర్డు మీద ఎక్కదు.

హేలైడ్ టెస్టు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. సిల్వర్ నైట్రేట్‌తో క్లోరైడ్ తెలుపు, బ్రోమైడ్ లేత పసుపు, అయోడైడ్ పసుపు. మొదటిది అమోనియాలో కరుగుతుంది, రెండోది అంతంతమాత్రం, మూడోది కరగదు. వెండి ధర పెరిగినప్పుడల్లా ఇండెంట్‌లో సిల్వర్ నైట్రేట్ గ్రాములు తగ్గిపోతాయని నాకు తెలుసు. ఒక్కో టెస్టుకి ఒక్క చుక్క చాలు. మూడు టెస్ట్‌ట్యూబులు పక్కపక్కన పెట్టి మాత్రం చూపించండి. విడివిడిగా మూడు వేర్వేరు వారాల్లో చూస్తే వరస కనబడదు.

మా కొట్లో కొత్తగా చేరిన కుర్రాడెవడైనా మొదట అడిగేది, సీసాలన్నీ ఇంగ్లీషు అక్షరాల వరసలో సర్దేద్దామా అని. సర్దితే ఎర్ర ఫాస్ఫరస్, పొటాషియం పర్మాంగనేట్ ఒకే అరలో పడతాయి. కొట్టు తగలబడటానికి అది చాలు. దేని పక్కన ఏది ఉండొచ్చో గుణాన్ని బట్టే తేలాలి. 1866లో లండన్ కెమికల్ సొసైటీలో న్యూలాండ్స్ అనే కెమిస్టు, బరువు వరసలో ప్రతి ఎనిమిదో మూలకానికీ గుణాలు తిరిగొస్తాయన్న తన అష్టక నియమం చదివితే, ఫాస్టర్ అనే ఆయన లేచి, పేర్ల మొదటి అక్షరాల వరసలో పేర్చి చూశారా అని ఎగతాళి చేశాడు. ఇరవయ్యొక్క ఏళ్ల తర్వాత, 1887లో, రాయల్ సొసైటీ న్యూలాండ్స్‌కి డేవీ మెడల్ ఇచ్చింది. అయినా ఫాస్టర్‌ని మరీ తిట్టుకోనక్కర్లేదు. న్యూలాండ్స్ ఎనిమిది ఎనిమిదిగా తెగ్గొట్టాలన్న పట్టుదలలో కోబాల్ట్‌నీ నికెల్‌నీ ఒకే గడిలో కుక్కి, తీసుకెళ్లి క్లోరిన్ వరసలో కూర్చోబెట్టాడు. కోబాల్ట్, నికెల్ సాల్ట్‌లతో వారం రోజులు పనిచేసిన పిల్లలకి ఆ పట్టిక ఇచ్చి తప్పెక్కడుందో పట్టుకోమనండి. నిమిషం పట్టదు. ఆ జంటతో ఇంకో తగువు కూడా ఉంది. బరువు చూస్తే నికెల్ 58.69, కోబాల్ట్ 58.93, కాబట్టి నికెలే ముందుండాలి. గుణాలు చూస్తే కోబాల్ట్ ముందు. 1913లో మోస్లీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త ఎక్స్‌రేలతో తేల్చాడు, పట్టికని నడిపేది బరువు కాదు, అటామిక్ నంబరు అని. రెండేళ్లకే గల్లిపోలీ యుద్ధంలో చనిపోయాడు. అప్పటికి ఇరవయ్యేడేళ్లు.

ఇక గుంటూరు సంగతి. ఈ పాఠం చెబుతూ గుంటూరు పేరెత్తకపోతే నాకు నిజంగానే బాధ. 1868 ఆగస్టు 18న మన ప్రాంతం మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం నడిచింది. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త గుంటూరు వచ్చి మకాం వేశాడు. ఇంగ్లీషు వాళ్ల తరఫున మేజర్ టెనెంట్ కూడా ఇక్కడే దిగాడు. మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ మచిలీపట్నంలో ఉన్నాడు. సూర్యుడి అంచున ఎగిసే మంటల్ని, వెలుగుని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోప్‌లోంచి చూస్తే వెలుగు గీతలు కనబడ్డాయి, అంటే అది కాగిన వాయువు అని తేలింది. ఆ గీతలు అంత ప్రకాశంగా ఉంటే గ్రహణం లేకుండా ఎందుకు కనబడవని జాన్సెన్‌కి తోచింది. మర్నాడు ఇక్కడే మామూలు ఎండలో చూసి నిరూపించాడు. అదే ఏడాది అక్టోబరు 20న ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త తనంతట తాను ఆ పనే చేశాడు. ఇద్దరి కబురూ ప్యారిస్ అకాడమీలో ఒకే రోజు చదివారు.

హీలియం గుంటూరులోనే కనిపెట్టారు అని మనవాళ్లు సభల్లో గట్టిగా అంటారు. వినడానికి నాకూ ఇంపుగానే ఉంటుంది. ఉన్నదున్నట్టు చెబితే ఇంకా బాగుంటుందని నా ఉద్దేశం. ఆ గ్రహణంలో పసుపు గీత చాలామంది కంటపడింది, సోడియం గీతే అనుకున్నారు. సోడియంవి 589.0, 589.6 నానోమీటర్ల దగ్గరుంటాయి. ఇది 587.6. తేడా వెంట్రుకవాసి. అది సోడియం కాదని తేల్చుకుని, తెలియని మూలకం అని అనుమానించింది లాకియర్. భూమ్మీద అది చేతికి దొరికింది 1895లో, ఒక యురేనియం ఖనిజంలోంచి ర్యామ్సే అనే కెమిస్టు బయటికి తీసినప్పుడు. మన ల్యాబ్‌లో జరిగేదేమిటి? ఫ్లేమ్ టెస్టులో ఏ సాల్ట్ పెట్టినా కాస్త సోడియం కలిసి పసుపు మంట మిగతా రంగుల్ని మింగేస్తుంది, మీరు నీలం కోబాల్ట్ గాజు అడ్డం పెట్టమంటారు. గ్రహణం నాటి పెద్దవాళ్లని తికమకపెట్టింది ఆ సోడియం పసుపే అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం రాదు. వెలుగుని అలాగే విడదీసే డిఫ్రాక్షన్ గ్రేటింగ్ షీటు చిన్న ముక్క ఉంటే పిల్లలకి ఆ గీతలు కూడా చూపించొచ్చు.

1869 పట్టికలో హీలియానికి చోటు లేదు, దేనితోనూ కలవని వాయువుల ఆ వరస మొత్తానికే లేదు. 1894లో ఆర్గాన్ బయటపడితే మెండలీవ్ మొదట ఒప్పుకోలేదు, మూడు నైట్రోజన్ పరమాణువులు జట్టు కట్టాయేమో అన్నాడు. చివరికి కొత్త నిలువు వరసే పుట్టింది, పట్టిక కూలలేదు. గాలియం, స్కాండియం, జెర్మేనియం ముందే చెప్పాడన్న కథ మీరు చెబుతూనే ఉన్నారు, నేను మళ్లీ చెప్పను. అంత గొప్ప మనిషికి ఊహకందనిది కూడా ఆ పట్టికలో ఇమిడిపోయిందన్నది నాకు అంతకన్నా నచ్చుతుంది. హీలియం కూర్చున్న చోటూ తగువులమారిదే. బయటి కక్ష్యలో రెండు ఎలక్ట్రాన్లు, ఆ లెక్కన మెగ్నీషియం, కాల్షియంల వరసలో బెరీలియం నెత్తిన ఉండాలి. దేనితోనూ కలవని స్వభావం చూసి నియాన్ నెత్తిన పెట్టారు. బెరీలియం మీదే పెట్టాలని వాదించే కెమిస్టులు ఇప్పటికీ ఉన్నారు. పీరియాడిక్ టేబుల్ మూడో గ్రూపులో ఇట్రియం కింద లాంథనమా, లుటీషియమా అన్నదీ తెగని పంచాయితీయే. క్లాసులో రెండు జట్లు చేసి వాదించమనండి. మార్కులు రావు, నిజమే. అయినా నిద్రపోయేవాళ్లు లేస్తారు.

టైమెక్కడిది అంటారు. మైక్రో షెడ్యూల్, వీకెండ్ టెస్ట్, ఎప్‌సెట్, నీట్, ఈ గొడవలో మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. సిలబస్ వెనకబడితే మాట పడేది మీరే. నేను కొత్త పీరియడ్ అడగడం లేదు. ఎలాగూ చేసే సాల్ట్ ఎనాలిసిస్‌లో పక్కన ఆ జిరాక్స్ కాగితం ఉంచమంటున్నాను, అంతే. పరీక్షలో వచ్చే ఐదు సాల్ట్‌లతో మమ అనిపించడం మాని, ఐదో గ్రూపులో మూడూ చేయించమంటున్నాను. యాజమాన్యాలకు ఒక మాట. ఒక బ్యాచ్‌కి అయ్యే ఫ్లెక్సీ ఖర్చులో ఈ సాల్ట్‌లన్నీ వచ్చేస్తాయి. ఇంకో సంగతి కూడా గమనించాలి. 2023లో వచ్చిన పదో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో మూలకాల వర్గీకరణ పాఠం లేదు. పదకొండులో ఉంది కదా అన్నారు. ఆ పుస్తకం చదివి పది తర్వాత సైన్స్ వదిలేసిన పిల్లలకి ఆ పాఠం అందనే అందదు. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరు తొలిసారి మీ నోటే వింటారు.

ఆర్డర్ పెట్టేవాళ్లకి రెండు జాగ్రత్తలు. లెడ్, బేరియం సాల్ట్‌లు పిల్లలు చేతులు కడుక్కోకుండా టిఫిన్ బాక్స్ విప్పే ల్యాబ్‌లో పెట్టకండి. వాటి వ్యర్థాన్ని సింకులో పోయకుండా ఒక డబ్బాలో జమ చేయించండి. సోడియం నీళ్లలో వేసి చూపించేటట్టయితే కందిగింజంత ముక్క చాలు, అదీ మీ చేత్తోనే, పిల్లల్ని దూరంగా నిలబెట్టి. స్ట్రాన్షియం నైట్రేట్‌ని ఫ్లేమ్ టెస్టుకి వాడేటప్పుడు గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో ముద్ద చేస్తే రంగు బాగా తేలుతుంది. దసరా సెలవులు కాగానే చెబితే తాజా స్టాక్ తెప్పిస్తాను, జనవరిలో హడావుడిగా అడిగితే బీరువాలోని పాత సీసాలే ఇవ్వాల్సొస్తుంది. నూరు గ్రాముల సీసా ఒక కాలేజీకి ఏళ్ల తరబడి వస్తుంది. రెండు మూడు కాలేజీలు కలిసి ఒకటే కొనుక్కుని పంచుకుంటామన్నా సరే, ఖాళీ సీసాలూ లేబుళ్లూ నేనే ఇస్తాను.

ఇట్లు,
ఒక ల్యాబ్ కెమికల్స్ వ్యాపారి,
అరండల్‌పేట, గుంటూరు